గాలి లేని రోజు నీళ్ళు

దేశం ఒప్పందంలోంచి బయటికి వచ్చేసిందన్న కబురు టిల్మన్ దీవికి చేరేసరికి థర్మన్ కునుకులో ఉన్నాడు. కునుకంటే నిద్ర కాదు. పీతల పాకలో వేసవి పొడుగునా మనిషికి దక్కేది అంతే. నీళ్ళ నడుమ గుంజల మీద నిలబెట్టిన పాక, లోపల వరసగా తొట్లు, తొట్లలో కుబుసం విడవబోయే పీతలు. పాత పెంకు విడిచి బయటికొచ్చిన పీత కాసేపే మెత్తగా ఉంటుంది. ఆ కాసేపట్లో చేత్తో ఎత్తి నీళ్ళలోంచి తీశావా, పట్నంలో దాన్ని అపురూపంగా తింటారు. తీయలేదా, తోటి పీతలే పీక్కు తినేస్తాయి. వాటికి దక్కకపోతే కొత్త పెంకు గట్టిపడి ఎవరికీ కాకుండా పోతుంది. అందుకని బల్ల మీద చేరగిలబడి, కళ్ళు మూస్తూ తెరుస్తూ, మెలకువకీ కలకీ మధ్యనున్న సందులో కాలం గడపడం అతనికి అలవాటైపోయింది. ఆ సందులోకే వెర్నా వచ్చేది.

వెర్నా అతని భార్య. పోయి నాలుగో వేసవి. వచ్చినప్పుడల్లా బట్టలే ఆరేస్తూ ఉండేది, ఉత్తరపు మిట్ట మీద, తన పుట్టింటి వాకిట్లో. ఆ ఇల్లు ఏనాడో పోయింది. ఆ మిట్ట మీద ఇళ్ళన్నీ పోయాయి, జనమంతా దక్షిణపు మిట్టకి చేరారు, అక్కడ మిగిలినవి సమాధులే. కలలో మాత్రం దండెం ఉంది. ఆమె దుప్పట్లు పిండి ఆరేస్తుంటే, ఎంత పిండినా వాటిలోంచి నీళ్ళు కారుతూనే ఉండేవి. ఈమధ్య ఆమె పాదాలు కనబడడం మానేశాయి. గడ్డి నిండా నీళ్ళు, ఆ నీళ్ళ నిండా ఆకాశం, ఆకాశంలో మోకాళ్ళ దాకా దిగి నిలబడ్డ వెర్నా. తలెత్తి అతనికేసి చూసి, కోపమేమీ లేకుండా, "ఆరట్లేదు థర్మన్" అనేది.

"లే బావా, లే! వచ్చేశాం!"

థర్మన్ కళ్ళు తెరిచాడు. పాక గుమ్మం దగ్గర పడవలో నిలబడి ఉన్నాడు హార్లన్, టోపీ గాల్లో ఊపుతూ.

"ఎక్కణ్ణించి?"

"పారిస్ నించి!"

"నువ్వు పారిస్ ఎప్పుడెళ్ళావు? నిన్న సాయంత్రం మా ఇంట్లోనేగా గుల్లల పులుసు తాగావు."

"నేను కాదయ్యా, దేశం! ఆ వాతావరణం ఒప్పందం ఉందే, అందులోంచి మన అధ్యక్షుడు దేశాన్ని బయటికి లాగేశాడు. పొద్దుటినించీ టీవీలో అదే గోల. ఒకళ్ళు చప్పట్లు, ఒకళ్ళు శోకాలు."

దేశాలన్నీ ఒకచోట కూర్చుని, పొగ తగ్గించుకుందాం, భూమి మరీ వేడెక్కకుండా చూసుకుందాం అని రాసుకున్న కాగితం అది. సంతకం పెట్టినరోజు టీవీలో పండగ చేసుకున్నారు. ఇప్పుడు తీసేసినందుకు ఇంకొకళ్ళు పండగ చేసుకుంటున్నారు. పెట్టినవాళ్ళూ విమానాల్లోనే వెళ్ళారు, తీసినవాళ్ళూ విమానాల్లోనే తిరుగుతున్నారు. మధ్యలో దీవి చుట్టూ ఉన్న అఖాతానికి ఎవరూ కబురు పెట్టినట్టు లేదు, అది తన పని తాను చేసుకుపోతోంది.

హార్లన్ వెర్నాకి అన్న. దీవి పెద్ద కూడా. ఏ ఎన్నికలోనూ ఎదుటివాడు నిలబడడు గనక ఎప్పుడూ గెలుస్తాడు. పాకలోకి దిగి, ఒక తొట్టిలోకి వంగి, పీతని తిరగేసి దాని వెనక తెడ్డుకాలి అంచున, కుబుసానికి గుర్తైన ఎర్రగీత వచ్చిందా లేదా చూసి, మళ్ళీ వదిలేశాడు. ఎవడి పాకలోకి వెళ్ళినా అతను ముందు చేసే పని అదే.

"విను. బుధవారం టీవీ వాళ్ళు వస్తున్నారు. మన చర్చి హాల్లో చర్చ. ఒప్పందంలోంచి రావడం మంచిదా చెడ్డదా అని. అవతలి ఒడ్డునించి ఎవరో చదువుకున్నావిడ వస్తుంది, మన తరఫున నేను. దేశమంతా చూస్తుందట."

"చూసి?"

"చూసి, రాళ్ళ గోడ ఇస్తారు! బావా, బుర్ర వాడు. మన ఉత్తరపు ఒడ్డుని తినేస్తున్నది అలలు. కోత. కోతకి మందేమిటి? గోడ. పడమట కట్టారు, ఆగలేదూ? అదే 'సముద్రం పెరుగుతోంది' అని మనమే ఒప్పుకున్నామనుకో, మునిగే దీవికి డబ్బెందుకు దండగ, జనాన్ని ఒడ్డుకి తోలెయ్యండి అంటారు. ఒడ్డున నువ్వేం చేస్తావు? కొట్లో సంచులు మోస్తావా?"

ఈ మాటలో అబద్ధం లేదు. అదే థర్మన్‌కి బాధ. అతనూ ఆ అధ్యక్షుడికే ఓటేశాడు, దీవిలో అందరిలాగే. ఒడ్డువాళ్ళు దీవివాళ్ళని చూసి జాలిపడతారు, వాళ్ళ జాలిలో మనిషిని చాపలా చుట్టి పక్కన పెట్టేసే గుణం ఉంది. ఆ జాలి భరించలేకే సగం మంది ఓటేశారు.

"బావా," అన్నాడు థర్మన్ తొట్టికేసే చూస్తూ, "వెర్నా సంగతి."

హార్లన్ ముఖం ముడుచుకుపోయింది. ఈ మాట మార్చిలో ఒకసారి వచ్చింది. ఈస్టరుకి ఒకసారి వచ్చింది.

టిల్మన్‌లో ఒక పద్ధతుంది. సమాధి కదపాలంటే ముందుగా చనిపోయినవాళ్ళ రక్తసంబంధీకుడు వచ్చి బండ మీద చెయ్యి వెయ్యాలి. అప్పుడే పలుగు పడుతుంది. మొగుడు రక్తసంబంధీకుడు కాడు. ముప్ఫయ్యేళ్ళు ఒక కంచంలో తిన్నా కాడు. వెర్నాకి మిగిలిన రక్తం ఈ హార్లన్ ఒక్కడే.

"నీళ్ళు బండ దాకా వచ్చేశాయి బావా. అక్టోబరు తుఫాన్ల దాకా ఆగదు. నా వాకిట్లో చోటుంది, వంటింటి కిటికీ ఎదురుగా. నువ్వొచ్చి చెయ్యి వేస్తే చాలు."

"నాకు మాత్రం చెల్లెలు కాదా? కానీ ఒక్క పెట్టె కదిలిందంటే టీవీవాడు అదే చూపిస్తాడు. టిల్మన్‌లో శవాలు కూడా పారిపోతున్నాయని. గోడ పోయినట్టే." కాసేపు గడ్డం గోక్కున్నాడు. "సరే, ఒక పని చెయ్యి. బుధవారం నువ్వు లేచి నాలుగు ముక్కలు చెప్పు. ఇది అలల కోతేనని, సముద్రం పెరగడం కాదని. నేను చెబితే పెద్దమనిషి చెప్పాడంటారు. నువ్వు చెబితే నమ్ముతారు, పదేళ్ళకోసారి గాని నోరు విప్పవు గనక. చెప్పెయ్. టీవీ పడవ అటు తిరగ్గానే నేనొచ్చి చెయ్యి వేస్తా. ఒప్పందం."

ఇద్దరూ చేతులు కలుపుకున్నారు. హార్లన్ పడవ వెళ్ళిపోయాక తొట్టిలో చూస్తే, మాటల్లో పడి తీయడం మరిచిన మెత్తపీత ఒకటి, సగం లేదు.

బుధవారం తెల్లారగట్ల థర్మన్ ఉత్తరపు మిట్టకి వెళ్ళాడు, వెర్నాకి చెప్పి రావాలనిపించి. పొగమంచు పట్టింది. పడవ ఎక్కడ వెళ్తోందో పడవకే తెలియదు. అఖాతం పాలు తోడేసిన గిన్నెలా కదలకుండా ఉంది. గాలి లేదు. తుంగ మొక్క తల ఊగడం లేదు. కొంగ ఒకటి ఒంటికాలి మీద నిలబడి, ఇతన్ని చూసి కూడా ఎగరకుండా, ఇదంతా తన నిద్రలో జరుగుతున్నట్టు ఊరుకుంది.

పుట్టింటి వాకిట్లోనే వెర్నా సమాధి, దాని మీద మందపాటి సిమెంటు బండ. టిల్మన్ నేల తడినేల, బరువు పెట్టకపోతే పెట్టె పైకి తేలుతుంది. అతను బండ పక్కన గడ్డిలో కూర్చున్నాడు. "ఇవాళ ఒక మాట చెప్పాలే. చెబితే నిన్ను ఇంటికి తీసుకెళ్తా" అన్నాడు. ఆవిడ ఉన్నరోజుల్లో కూడా మాటలు ఇంతే పొదుపు.

అలా కూర్చున్నవాడికి కింద తడి తగిలింది. మంచు అనుకున్నాడు. కాదు. పీతలు తవ్విన చిన్న చిన్న బొరియల్లోంచి నీళ్ళు పైకి వస్తున్నాయి. చప్పుడు లేదు. ఒక బొరియలో బుడగ, ఇంకో బొరియలో బుడగ. ఒడ్డు అక్కడ, అల అసలే లేదు, నీళ్ళు ఇక్కడ. గడ్డిపోచలు ఒక్కొక్కటే నీళ్ళలో నిలబడ్డాయి. బండ చుట్టూ నీళ్ళు చేరి, బండ మధ్యలో, ఎవరో ఎత్తుకోడానికి సిద్ధంగా పెట్టిన మంచంలా ఉంది. ఆకాశం కిందికి దిగి బండని ఆనుకుంది. థర్మన్ లేవలేదు. ప్యాంటు నడుం దాకా తడిసినా లేవలేదు. ఇది కలేమోనని వెర్నా కోసం చూశాడు. ఆమె రాలేదు గనక కల కాదని తెలిసింది.

ఆ సాయంత్రం హాలు కిటకిటలాడింది.

టీవీవాళ్ళు చేసిన తప్పేమిటంటే ఆ హాలు ఎంచుకోవడం. దీవిలో ఇంకో పెద్దగది లేదు, వాళ్ళకీ దారిలేదు. కానీ ఆ హాల్లో టిల్మన్ జనం ఆదివారం ఆదివారం చేసే పని ఒకటుంది. ప్రార్థనకి ముందు ఒక్కొక్కరే లేచి, ముందు బెంచీ వీపు పట్టుకుని, ఆ వారం తమకి జరిగింది చెబుతారు. సాక్ష్యం అంటారు దాన్ని. తన కళ్ళతో చూసిందీ తనకి జరిగిందీ తప్ప ఇంకోటి చెప్పకూడదు. చెప్పినదానికి ఎవరూ ఎదురు మాట్లాడకూడదు. "అవును" అంటారు, అంతే. తాతల కాలంనించీ ఆ హాల్లో నోరు లేచింది ఆ ఒక్క రకంగానే. చర్చ అనే జంతువు అందులో ఎప్పుడూ అడుగుపెట్టలేదు.

టీవీ ఆయన రెండు ఎత్తుబల్లలు వేయించాడు. ఒకదాని వెనక హార్లన్, కొత్త చొక్కాలో. ఇంకోదాని వెనక నోరీన్ అనే ఆవిడ, ఒడ్డున కాలేజీలో నీళ్ళ లెక్కలు చూస్తుందట, పడవ ప్రయాణానికి కడుపు తిప్పి ముఖం పాలిపోయి ఉంది పాపం. మధ్యలో కుర్చీలో ఎప్పట్లాగే ఒలీటా అత్త. సాక్ష్యాలు నడిపించేది ఆవిడే. ఇవాళ ఆ పని లేదని ఆవిడకి ఎవరూ చెప్పలేదు.

మొదట బాగానే సాగింది. హార్లన్, "మా ఊపిరి మీద పన్ను వెయ్యడానికి పారిస్‌లో ఉన్నవాడెవడు?" అన్నాడు. జనం బల్లలు చరిచారు. నోరీన్, "మీ గోడకి నేను అడ్డు కాదండీ. కానీ నీళ్ళే పెరుగుతుంటే గోడ ఎన్నాళ్ళు కాస్తుంది? ఒప్పందం మీలాంటి వాళ్ళ కోసమే" అంది.

"మాలాంటి వాళ్ళంటే ఎలాంటి వాళ్ళమ్మా?" అని వెనకనించి ఎవరో. నవ్వులు.

"మా కోసం చేసిన కాగితం మాకొకటి పంపాల్సింది, పీతలు చుట్టుకునేవాళ్ళం!" అని ఇంకొకరు. ఇంకా నవ్వులు.

నోరీన్ కూడా నవ్వింది. హార్లన్ చెయ్యెత్తి, "ఆవిణ్ణి ఏడిపించకండర్రా, తిరుగు ప్రయాణం ఉంది" అన్నాడు. అంతా పెళ్ళివారి సందడిలా ఉంది.

అప్పుడు టీవీ ఆయన, "ఊరివాళ్ళు ఎవరైనా మాట్లాడొచ్చు" అన్నాడు. హార్లన్ కళ్ళు థర్మన్ని వెతికాయి. ఒలీటా అత్త కళ్ళు కూడా.

"థర్మన్, లే నాయనా. నీ వంతు."

థర్మన్ లేచాడు. అలవాటుకొద్దీ ముందు బెంచీ వీపు పట్టుకున్నాడు. ఎందరి చేతులో పట్టుకుని నున్నబడిన కర్ర. చెప్పాల్సిన మాట నోట్లో సిద్ధంగానే ఉంది. ఇది అలల కోత, సముద్రం పెరగడం కాదు. దారి పొడుగునా వల్లెవేశాడు. కానీ ఆ కర్ర మీద చెయ్యి పడగానే నోరు తనకి తెలిసిన దారి పట్టింది.

"నా కళ్ళతో చూసిందే చెబుతున్నాను. నాకు జరిగిందే చెబుతున్నాను."

ఆ మాట బయటపడ్డాక వల్లెవేసిన మాట ఇక రాదు. టోపీలు పెట్టుకున్నవాళ్ళు టోపీలు తీశారు. హార్లన్ ముఖంలో రంగు మారింది.

"పొద్దున వెర్నా దగ్గరికెళ్ళాను. గాలి లేదు. అల లేదు. తుంగ కదల్లేదు. బండ పక్కన కూర్చున్నాను. నీళ్ళు ఒడ్డునించి రాలేదు. కిందనించి వచ్చాయి, పీత బొరియల్లోంచి. గడ్డిలోంచి ఊటలాగా. బండ చుట్టూ చేరాయి. నేను తడిసిపోయాను." ఇంకేదో ఉందన్నట్టు ఆగాడు. "వెర్నా కింద ఉంది. అంతే."

"అవును" అంది ఒలీటా అత్త.

"అవును" అన్నారు ముందు వరసవాళ్ళు. "అవును" అంటూ వెనక్కి పాకింది. ఒక్కొక్కరికీ ఒక్కొక్క వాకిలి కళ్ళ ముందు మెదిలింది కాబోలు, ఆ మాట ఎప్పటికన్నా మెల్లగా వచ్చింది, నిద్రలో ఎవరో పిలిస్తే పలికినట్టు. హార్లన్ పెదవులు కూడా అలవాటుగా విడివడి, పళ్ళ దగ్గర ఆగిపోయాయి.

టీవీ ఆయన హుషారుగా, "హార్లన్ గారూ, దీనికి మీ జవాబు?" అన్నాడు.

హాలంతా అతనికేసి, గుడిలో ఉమ్మేసినవాణ్ణి చూసినట్టు చూసింది.

"సాక్ష్యానికి జవాబుండదు బాబూ. కూర్చో" అంది ఒలీటా అత్త.

"నేను అంటున్నదీ ఇదే కదండీ..." అంటూ నోరీన్ అందుకుంది.

"నువ్వూ కూర్చోమ్మా. వాడు నీ తరఫున చెప్పలేదు."

ఆ తరవాత ఇంకెవరూ లేవలేదు. ఎవరో పాట ఎత్తుకున్నారు. టీవీవాళ్ళు తీగలు చుట్టుకున్నారు.

బయట సందులో హార్లన్ పట్టుకున్నాడు. అటూ ఇటూ పోయేవాళ్ళు సైకిళ్ళు తొక్కడం మెల్లగా చేశారు, వినడానికి.

"చేతులు కలిపావు కదరా! మాటంటే మాట కాదూ?"

"నోరు రాలేదు బావా."

"రాలేదా? చెరువు గట్టు మీద కప్పలా వాగావు! ఊరు కొంప ముంచావు. ద్రోహివి."

థర్మన్‌కి చురుక్కుమంది. "దేశం మాటిచ్చి వెనక్కి తీసుకుంటే టోపీ ఊపుతూ వచ్చి నన్ను నిద్రలేపావు. నేను తీసుకుంటే ద్రోహమా?"

"అది వేరు! దానికి నువ్వూ ఓటేశావు!"

"వేశాను. కాదన్లేదు."

హార్లన్ టోపీ నెత్తిన అదుముకుని, "నేను చెయ్యి వెయ్యను. ఎవరితో చెప్పుకుంటావో చెప్పుకో" అని వెళ్ళిపోయాడు.

చర్చ టీవీలో వచ్చింది. చర్చి గోపురం చూపించారు. హార్లన్ బల్ల చరుస్తుండగా చూపించారు. నోరీన్ వేలెత్తుతుండగా చూపించారు. వాళ్ళిద్దరూ నవ్వుకున్నది లేదు. థర్మన్ లేడు. గాలి లేని నీళ్ళని ఏం చేసుకోవాలో వాళ్ళకి తెలిసుండదు. అటువాళ్ళకీ పనికిరాదు, ఇటువాళ్ళకీ పనికిరాదు.

ఆ రోజుల్లో వెర్నా కలలోకి రావడం మానేసింది. థర్మన్ బల్ల మీద కూర్చుని కళ్ళు మూస్తే చీకటే కనిపించేది, తొట్లలో నీళ్ళ గలగల వినిపించేది. ఎర్రగీత పడ్డ పీతల్ని కూడా చూసీ చూడనట్టు వదిలేశాడు. అవి పాత ఒళ్ళు విడిచి, కాసేపు మెత్తగా, ఎవరైనా తీస్తారేమోనన్నట్టు పడి ఉండి, మళ్ళీ గట్టిపడ్డాయి.

పున్నమి వచ్చింది. పున్నమి పోటు పెద్దది. ఆ సాయంత్రం పొద్దు వాలుతుండగా అతను మిట్టకేసి పడవ తిప్పాడు. పలుగు తీసుకోలేదు. పద్ధతి తప్పడం అతని వల్ల కాదు. ఊరికే పక్కన కూర్చుందామని. ఇంజను ఆపేశాక పడవ వేగం మీదనే జారుకుంటూ పోయింది. అఖాతమంతా పీచ్ పండులా లేత నారింజ రంగు. ఎక్కడ నీళ్ళు అయిపోయాయో ఎక్కడ గాలి మొదలైందో గీత లేదు.

బండ మీద ఎవరో కూర్చుని ఉన్నారు.

వెర్నాయే అనుకున్నాడు మొదట. దగ్గరికి పోయేసరికి తెల్ల రబ్బరు బూట్లు కనిపించాయి. హార్లన్. బూట్ల మధ్య నీళ్ళు. వాకిలంతా నీళ్ళు. అతని పడవని దేనికీ కట్టలేదు. అది పక్కన ఊరికే నిలబడి ఉంది, కదిలించేవాళ్ళు లేక.

"మధ్యాన్నం నించీ ఉన్నా" అన్నాడు హార్లన్, తలెత్తకుండా. "నువ్వు చెప్పినదానికి ఎదురు చెప్పకూడదాయె. చూడకుండా ఎలా కాదంటాను? అందుకని చూద్దామని వచ్చా."

థర్మన్ దిగి, నీళ్ళలో నడిచి, బండకి రెండో వైపు కూర్చున్నాడు.

"గాలి లేదు" అన్నాడు హార్లన్.

"లేదు."

"అల కూడా లేదు."

"ఊఁ."

"చిన్నప్పుడు దీన్ని ఇక్కడే నడిపించాను, రెండు చేతులూ పట్టుకుని. మడమ తడవలేదు." ముక్కు తుడుచుకున్నాడు. "నీ వాకిట్లో పెడతానంటావు. నీ వాకిట్లోకి రావా ఈ నీళ్ళు?"

"వస్తాయి."

"మరి?"

"వచ్చినప్పుడు కిటికీలోంచి కనిపిస్తుంది. చూస్తూ ఉంటాను."

హార్లన్ బూటుతో నీళ్ళని కదిపాడు. "నేను గోడ అడగడం మానను. ఒప్పందంలోంచి రావడం తప్పని కూడా అనను. ఈసారీ ఆయనకే ఓటేస్తా. ముందే చెబుతున్నా."

"వెయ్యి. గోడ అడగడానికి నేనూ వస్తాను."

"నువ్వొస్తే నోరు మూసుకునుండాలి."

"నేను నోరు విప్పేది పదేళ్ళకోసారేగా."

హార్లన్ నవ్వబోయి, నవ్వలేక, ముందుకి వంగాడు. బండ మీదికి అప్పటికే పల్చటి నీటిపొర ఎక్కింది. దాని కిందికి చెయ్యి పోనిచ్చి, అరచెయ్యి చదునుగా ఆనించాడు. వేళ్ళ చుట్టూ నీళ్ళు చేరాయి. వాళ్ళ అమ్మ పేరేదో, నాన్న పేరేదో గొణిగాడు. చెయ్యి తీయలేదు. ఆనించి ఉంచాడు, కింద ఎవరైనా కదులుతారేమో వినడానికన్నట్టు.

అంతలో అతని పడవ మెల్లగా కదిలింది. పోటు ఇంకా పెరిగి, దాని అడుగు నేల విడిచింది. గాలి లేకుండానే, ఎవరూ తోయకుండానే, గడ్డి మీదుగా వాకిట్లోకి తేలుతూ వచ్చి, బండకి ముక్కు ఆనించి ఆగింది. ఇద్దరూ దాన్ని చూశారు. హార్లన్ రెండో చేత్తో తాడు అందుకున్నాడు. కట్టడానికి చుట్టుపక్కల గుంజా లేదు, కంచే లేదు, చెట్టూ లేదు. ఒక చెయ్యి చెల్లెలి బండ మీద, ఒక చేతిలో పడవ తాడు, అలాగే కూర్చుండిపోయాడు.

"పట్టుకునుండు" అన్నాడు థర్మన్. "నేను వెళ్ళి పలుగులు పట్టుకొస్తా."